అట్టల్లో మిగిలిన నేత

మా నాన్న నా బొమ్మను మొదటిసారి దగ్గరగా చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే. "బెజ్జాలు ఎందుకు పూడ్చినావమ్మా? నేతంతా ఆ బెజ్జాల్లోనే కదా ఉండేది." అది 2015వ సంవత్సరం. బెంగళూరులో మైసూరు రోడ్డు పక్కన నేను అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో, గోడకు ఆనించిన ఆరడుగుల పలక ముందు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ పలక మీద నేను అంటించినవి ధర్మవరంలో మా ఇంటి మగ్గం మీద ఏళ్ల తరబడి తిరిగిన జకార్డు అట్టలు. వాటికి తెల్లటి పూత రెండుసార్లు పూసి, రంధ్రాలన్నీ మూసుకుపోయి నున్నగా అయ్యాక, మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడి బొమ్మను నూనెరంగులతో వేశాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్న బొమ్మ అది. నాన్న మాత్రం నేతగాడి ముఖం వైపు చూడనే లేదు. పూతకింద ఉబ్బెత్తుగా కనిపిస్తున్న ఒక అట్ట అంచును బొటనవేలితో తడిమి, ఆ ఒక్క మాట అడిగి ఊరుకున్నారు.

నేతతో పరిచయం లేనివారికి ఈ అట్టల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం పేరే మన మగ్గాల మీదికీ వచ్చి స్థిరపడింది. మగ్గం పైన అమర్చిన ఆ యంత్రంలో సూదులు వరుసలు వరుసలుగా ఉంటాయి. నేతగాడు తొక్కుడుపలక తొక్కినప్పుడల్లా ఒక అట్ట వచ్చి ఆ సూదులకు ఆనుతుంది. బెజ్జం ఉన్నచోట సూది అందులోకి దూరి, దానికి సంబంధించిన పడుగు దారం (నిలువు దారం) పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, దారం కదలదు. ఒక పేకకు, అంటే అడ్డంగా వేసే ఒక దారానికి, ఒక అట్ట. అందుకే ఒక కొంగు నేయడానికి వందల అట్టలను వరుస తప్పకుండా దారంతో కుట్టి, దండలా వేలాడదీస్తారు. డిజైను మారినప్పుడు ఆ దండ దిగి అటకెక్కుతుంది. ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చిన మగ్గాలకు దండల అవసరమే తీరిపోయింది.

2014లో మా ఇంట్లోనూ ఆ మార్పు వచ్చింది. దసరాకు ఇంటికి వెళ్లేసరికి అటక మీది దండలన్నీ వసారాలో కుప్పగా పడి ఉన్నాయి, పాత సామాన్ల బండివాడు కాటా సర్దుకుంటున్నాడు. ఒక దండ మొదటి అట్ట మీద పెన్నుతో, వంకర అక్షరాలతో "హంసల కొంగు – 1" అని రాసి ఉంది. అట్టల అంచులు వేళ్ల చమురుకు నల్లబడి, చింతగింజల్లా మెరుస్తున్నాయి. యంత్రపు నూనె మరకలు ఒక్కో అట్ట మీద ఒక్కో ఆకారంలో ఉన్నాయి. బండివాడు చెప్పిన ధరకు పది రూపాయలు ఎక్కువిచ్చి నేనే కొన్నాను. పదకొండు కట్టలను గోనెసంచుల్లో వేసుకుని, హిందూపురం మీదుగా రైల్లో బెంగళూరుకు తెచ్చుకున్నాను. అప్పటికి నేను చిత్రకళ చదువు ముగించి ఏడేళ్లయింది. కాన్వాసు కొనడానికే సంపాదన చాలక, జనవరిలో కుమారకృపా రోడ్డు మీద జరిగే చిత్రసంతెలో చిన్న చిన్న ప్రకృతి దృశ్యాలు అమ్ముకుంటూ గడుపుతున్న రోజులవి. చౌకగా దొరికిన కాన్వాసు అన్నట్టుగానే ఆ అట్టలను చూశాను. నా మొదటి తప్పు అదే. వాటిని నేనొక ఖాళీ తలంగా భావించాను.

వాడి పారేసిన వస్తువులతో బొమ్మలు చేసే ఈ దారి నేను కనిపెట్టింది కాదు. ఇదే నగరంలో, నాకంటే ఒక తరం ముందు, చిత్రకారిణి షీలా గౌడ ఇందులో చాలా దూరం నడిచారు. 1957లో భద్రావతిలో పుట్టిన ఆమె బెంగళూరులోని కెన్ కళాశాలలోను, తర్వాత శాంతినికేతన్‌లోను, ఆ పైన లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోను అభ్యసించింది చిత్రకళనే. 1990ల తొలినాళ్లలో, దేశంలో మతకల్లోలాలు చెలరేగిన కాలంలో, ఆమె నూనెరంగులు పక్కన పెట్టి ఆవుపేడ చేతిలోకి తీసుకున్నారు. పూజకూ, అలుకుకూ, పొయ్యిలోకీ పనికివచ్చేది, రోజూ ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచేది అది. ఆ తర్వాత "అండ్ టెల్ హిమ్ ఆఫ్ మై పెయిన్" అనే పనిలో దారాలను ఒక్కొక్క సూది కన్నులోంచి చివరంటా లాగి, జిగురు, కుంకుమ పట్టించి, తాళ్లుగా పేని గోడల మీదా నేల మీదా పరిచారు. ఆ తాళ్ల చివర్న సూదులు గుత్తులుగా వేలాడుతూనే ఉంటాయి. 2006 నాటి "డార్క్‌రూమ్" తారు డ్రమ్ములతో కట్టిన గుడిసె. రోడ్లు వేసే కూలీలు ఖాళీ డ్రమ్ములను చీల్చి, సాగగొట్టి, వాటితోనే పక్కన గూడు కట్టుకోవడం మనమందరం చూసినదే. ఆ గూటిలోకి వంగి దూరితే, పైకప్పు రేకుకు పొడిచిన సన్నని చిల్లులలోంచి వెలుగు నక్షత్రాల్లా కనిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది "బిహోల్డ్". 2009లో ఇటలీలోని వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో చూపిన ఆ పని ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది. నేను దాన్ని ఫోటోల్లో మాత్రమే చూశాను. మనుషుల వెంట్రుకలతో పేనిన తాడు కిలోమీటర్ల పొడవున గోడ నిండా అల్లుకుని ఉంటుంది, ఆ తాళ్లు కార్ల స్టీలు బంపర్లను మోస్తూ ఉంటాయి. గుళ్లలో భక్తులు సమర్పించిన తలనీలాలలో పొడవైనవి విగ్గులకు పోతాయి, పొట్టివాటిని ఇలా తాళ్లుగా పేనుతారు. దిష్టి తగలకుండా ఉండాలని డ్రైవర్లు వాటిని బండి బంపర్లకు కట్టుకుంటారు. తిరుమల కల్యాణకట్టలో కూర్చుని తల వంచిన ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. మొక్కు తీరాక ఆ జుట్టు ఏమవుతుందని మేమెవరమూ ఏనాడూ అడగలేదు. ఎవరి తల మీదిదో తెలియని వెంట్రుక, ఎవరో మరొకరి బండిని కాపాడుతుందన్న నమ్మకం అందులో ఉంది. షీలా గౌడ ఆ వెంట్రుకలకు రంగు వేయలేదు, మరో ఆకారంగా మార్చలేదు. అయినా అది చిత్రకారిణి చేసిన పనే అని చూడగానే తెలుస్తుంది. తెల్లని గోడ మీద ఆ నల్లని గీత ఎక్కడ చిక్కబడాలో, ఎక్కడ జారిపోవాలో, ఆ వెండి మెరుపు ఎక్కడ ఆగాలో నిర్ణయించినది గీతలు గీసిన చెయ్యే.

నాన్న అడిగిన మాట అర్థమవడానికి నాకు ఆ ఫోటోల ముందు చాలాకాలం పట్టింది. అర్థమైన తర్వాత కూడా తప్పులు ఆగలేదు. 2016లో నేనూ తారు డ్రమ్ముల రేకులు తెచ్చాను. జాలీ మొహల్లాలోని గుజరీ అంగళ్లలో అవి కాటా మీద తూగి వస్తాయి. రేకు మీద అక్కడక్కడా మిగిలిన తారు నల్లని మెరుపు చూసి ఆశపడి, దాన్ని గీకకుండానే పైన నూనెరంగు వేశాను. కళాశాలలో చదివిన పాఠం నాకప్పుడు గుర్తుకు రాకపోవడం నా అజాగ్రత్త. యూరప్ చిత్రకారులు వెచ్చని గోధుమరంగు కోసం తారును రంగుల్లో కలిపి వాడిన కాలం ఒకటుంది. అది ఎన్నటికీ పూర్తిగా ఆరదు, పైపొరను చీల్చుకుంటూ నల్లబడుతుంది. 1819లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో ప్రదర్శించిన "మెడూసా తెప్ప" చీకటిలోకి కుంగిపోతూ రావడానికి కారణం ఆ తారేనని చెబుతారు. నా రేకుల మీద ఆ సంవత్సరం ఏప్రిల్ ఎండలకే తెలుపులోంచి గోధుమరంగు చెమటలా పైకి ఉబికింది. వాటిని ఎవరికీ చూపించలేదు.

ఫ్లెక్సీ బ్యానర్ల విషయంలో నష్టం అంతకంటే పెద్దది. 2018 ఆగస్టులో హైకోర్టు ఆదేశాలతో బెంగళూరు వీధుల్లోని ఫ్లెక్సీలను మూకుమ్మడిగా దించేసినప్పుడు, నాయకుల ముఖాలూ పుట్టినరోజు శుభాకాంక్షలూ మడతలు మడతలుగా గుట్టలు పడ్డాయి. వెనకవైపు తెల్లగా, విశాలంగా ఉన్న ఆ గుడ్డను చూస్తే ఏ చిత్రకారుడికైనా చెయ్యి ఆగదు. అయిదు పెద్ద బొమ్మలు వేశాను. ఒక కార్యాలయం వారు రెండు కొని తమ ముందు హాలులో పెట్టుకున్నారు. రెండో వేసవికి రంగు పొరలు పొరలుగా ఊడి నేల మీద రాలుతోందని వారి నుంచి ఫోను వచ్చింది. ఫ్లెక్సీని మెత్తగా ఉంచడానికి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం కాలక్రమేణా పైకి ఊరుతుంది. దాని మీద అక్రిలిక్ రంగు మొదట జిగటగా మారి, తర్వాత పట్టు వదిలేస్తుంది. డబ్బు విడతలుగా తిరిగి ఇచ్చాను. బొమ్మలు వెనక్కి తెచ్చుకున్నాను. పారేసిన వస్తువుతో చేసిన పని కాబట్టి అది పాడైనా పరవాలేదు, క్షణికత్వమే దాని అందం అని కొందరు మిత్రులు ఊరడించారు. నేను ఆ మాటను ఒప్పుకోలేను. ఒకసారి పారేసినదాన్ని తెచ్చి, రెండోసారి కూడా పారేయవలసిన స్థితికి నెట్టడం ఆ వస్తువుకూ, దాన్ని నమ్మి కొన్నవారికీ చేసిన అన్యాయం.

ఆ నష్టం తర్వాతే పదార్థాల గురించి బడిపిల్లలా చదవడం మొదలుపెట్టాను. అట్టలో ఆమ్లం ఉంటుంది, అదే దాన్ని లోపలినుంచి పెళుసు చేస్తుంది. కాగితపు సంరక్షకులు వాడే పద్ధతుల్లో ఒకటి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న సున్నపు తేటే. రాత్రి నానబెట్టిన సున్నం అడుగుకు దిగాక, పైన నిలిచిన తేటను వంచుకుని అందులో అట్టలను ముంచి తీస్తే, ఆమ్లం విరిగిపోవడమే కాక, కొంత సున్నం నారల్లో నిలిచి మున్ముందు పుట్టే ఆమ్లానికి అడ్డుపడుతుంది. అట్ట రంగు కాస్త ముదురుతుంది, అంతకుమించి మారదు. తేట ఇంకిందో లేదో తెలుసుకోవడానికి నేను తడి ఆరకముందే ఒక మూలన చిటికెడు పసుపు అద్దుతాను. పసుపు పారాణిగా మారితే పట్టినట్టు. అమ్మ పెళ్లిళ్లలో పళ్లెంలో కలిపే పారాణి రంగే, అట్ట మూలన గోరంత మచ్చగా కనిపిస్తుంది. ఆ మచ్చను నేను చెరపను.

మరొక పాఠం నాయండహళ్లిలో ప్లాస్టిక్కు, అట్టలు ఏరే ఒక షెడ్డులో నేర్చుకున్నాను. అక్కడ పనిచేసేవారిలో కదిరి, పెనుకొండ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు చాలామంది ఉండడంతో నాకు మాటలు సులభంగానే కలిశాయి. చీరల అంగళ్లు పారేసే మడత అట్టలు, అంటే చీర మడతల మధ్య బిగువు కోసం పెట్టే సన్నని పలకలు, చిక్కపేట నుంచి మూటలుగా అక్కడికి వస్తాయి. నాకు మరకలేనివి కావాలని చెప్పినప్పుడు ఒకామె రెండు రోజులు విడిగా ఏరి, తీగతో కట్టలు కట్టి పెట్టింది. నేను షెడ్డు యజమానికి కిలోల లెక్కన డబ్బు కట్టి, ఆమెకు నమస్కారం పెట్టి బయల్దేరబోతుంటే, ఆమె కోపమేమీ లేకుండా అడిగింది, "అట్టకు డబ్బులు ఇచ్చినారు సరే, ఏరిన చేతికి కూలి ఎవరిస్తారక్కా?" నాకు నోట మాట రాలేదు. చెత్త అని మనం పిలిచేది మన దగ్గరికి వచ్చేసరికే దాన్ని కనీసం నలుగురు ఎత్తి, విడదీసి, తుడిచి, తూచి ఉంటారు. దొరికిన వస్తువు అనే మాటను నా పరిచయపత్రాల్లోంచి ఆనాడే తీసేశాను. ఆ వస్తువులు నాకు దొరకలేదు, ఒకరు ఏరి ఇచ్చారు. అప్పటినుంచి ఏరినందుకు గంటల లెక్కన కూలి ఇస్తున్నాను, వారు ఒప్పుకుంటే బొమ్మ పక్కన వివరాల పలక మీద వారి పేరు కూడా రాస్తున్నాను. దీన్ని గొప్పగా చెప్పుకోవలసిన అవసరం లేదు, రంగుల అంగడిలో బిల్లు కట్టడం ఎంతో ఇదీ అంతే.

ఘనాలో పుట్టి, నైజీరియాలోని న్సుక్కాలో పనిచేసిన శిల్పి ఎల్ అనాత్సుయి సారా సీసాల మూతలను సాగగొట్టి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి, గోడలంత దుప్పట్లుగా చేస్తారని తెలిసినప్పుడు నేతింటి బిడ్డగా నా ఒళ్లు పులకరించింది. 2015లో వెనిస్ బియెన్నాలేలో ఆయనకు జీవితకాల కృషికి స్వర్ణసింహం పురస్కారం లభించింది. ఆ దుప్పటి ఎలా వేలాడాలో ఆయన నిర్దేశించరు, తగిలించిన ప్రతిసారీ కొత్త మడతలు పడతాయి. ఆయన పనుల ఫోటోలు చూస్తున్న రోజుల్లోనే నా పదకొండు కట్టల్లో ఇంకా విప్పనివి తొమ్మిది మిగిలి ఉన్నాయన్న సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

వాటిని చదవాలని నిర్ణయించుకున్నాను. ఒక పేకకు సంబంధించిన సమాచారమంతా అట్ట మీద ఒకే గీతగా ఉండదు, యంత్రంలో సూదుల అమరికను బట్టి పలు వరుసలుగా మడిచి ఉంటుంది. అందుకే అట్టలను పక్కపక్కన పేర్చి చూసినా కంటికి పువ్వో హంసో కనబడదు, చిల్లుల చెదురు మాత్రమే కనిపిస్తుంది. నాన్న ఫోనులో వరుసల క్రమం చెబుతుండగా రాసుకున్నాను. తర్వాత ఒక్కొక్క అట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, ఆ మడతను విప్పి, ఒకే గీతలో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. బెజ్జానికి ఒక పసుపు చుక్క, బెజ్జం లేనిచోట ఖాళీ. చుక్కలు పెట్టింది సున్నపు తేటలో తడిపి ఆరబెట్టిన ఆ మడత అట్టల మీద. చీరను పుట్టించిన అట్ట చెబుతుంటే, చీరను మోసిన అట్ట రాసుకుంటుంది. ఒక అట్టకు ఒక గీత, రోజుకు పది పన్నెండు గీతలకు మించి సాగదు. నెలన్నరకు ముక్కు ఆకారం తేలింది. ఆ తర్వాత మెడ వంపు వచ్చింది. నేను గీయని బొమ్మ నా కుంచె కిందినుంచి పైకి వస్తుంటే చిత్రకారిణిగా నేనెన్నడూ ఎరగని నిశ్శబ్దం షెడ్డులో నిండింది.

కిందటి సంక్రాంతికి అమ్మానాన్నలు బెంగళూరు వచ్చినప్పుడు పూర్తయిన "హంసల కొంగు"ను చూపించాను. నాన్న ముఖం విప్పారింది. అమ్మ మాత్రం దగ్గరికి వెళ్లి, కళ్లజోడు పైకి నెట్టుకుని, ఎడమవైపు హంస తలను చాలాసేపు చూసింది.

"పాపా, దీని కన్ను ఏది?"

నేను వెంటనే అట్ట తెచ్చి చూపించాను. అక్కడ బెజ్జం ఉంది కాబట్టి చుక్క పెట్టాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. అట్టలు పంచ్ కొట్టినవాళ్లు ఆ ఒక్కచోట అదనంగా ఒక బెజ్జం కొట్టేశారని, హంస గుడ్డిదైపోయిందని షావుకారు చీర తిప్పి పంపితే, మళ్లీ అట్ట కొట్టించడానికి డబ్బు లేక, తనే పేపరు ముక్క చించి మైదా జిగురుతో ఆ బెజ్జం మూసిందని చెప్పింది. మేము పిల్లలం నిద్రపోయాక, దీపం దగ్గర కూర్చుని, ఆ దండలన్నిటిలో ఎక్కడెక్కడ తప్పుందో వెతికి అంటించేదట. ఆ పని చేసినట్టు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

నాకు సున్నపు తేట తొట్టి అడుగున కనిపించిన కాగితపు తునకలు గుర్తుకొచ్చాయి. గోరంత ముక్కలు, కొన్నిటి మీద తెలుగు అక్షరాల భాగాలు. మురికి అనుకుని నీళ్లతో పాటు పారబోశాను. మైదా జిగురు నీటిలో కరిగిపోతుంది. అట్టలను బతికించాలని చేసిన పనే అమ్మ చేతిపనిని కడిగేసింది.

ఆ పసుపు చుక్కను గీకి తీయమని నాన్న అన్నారు. అమ్మ వద్దంది. ఒక పేపరు ముక్క అడిగి తీసుకుని, స్టవ్వు మీద గరిటెడు మైదా ఉడికించి, చూపుడువేలితో అద్ది, నా బొమ్మ మీదే ఆ చుక్కపైన అంటించింది. ఇప్పుడు ఆ హంసకు బూడిదరంగు కన్ను ఉంది. బొమ్మ పక్కన పలక మీద నా పేరు కింద ఆమె పేరు చేరింది.

ఇంకా విప్పని కట్టలు ఆరున్నాయి. వాటిని నేను తొట్టిలో ముంచడం మానేశాను. ముందు ఒక్కొక్క అట్టనూ బల్ల దీపం ముందు వంచి, మూసిన బెజ్జాలు ఎక్కడున్నాయో చూసి పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, ఆ చోటు వదిలి మిగతా భాగానికి మాత్రమే తేటను కుంచెతో పూస్తున్నాను. తను మొత్తం నలభైకి తక్కువ కాకుండా అంటించి ఉంటానని అమ్మ అంటోంది. మొన్న ఆదివారానికి ఇరవై ఆరు దొరికాయి.